పాతనాణెముల సంత: పెట్టె యడుగున నున్న సొమ్ము

తెలుగునాట ఏ పాతయింట పెట్టె దించి చూచినను అడుగున కొన్ని పాతనాణెములు కనబడును. విక్టోరియారాణి బొమ్మగల రూపాయలు రెండు, నడుమ చిల్లిగల కానీలు నాలుగు, బేడలు, పావలాలు కొన్ని, తెగిన కాసులపేరునుండి రాలిన కాసు ఒకటి. వీనిని పసుపుగుడ్డలో ముడివేసి వక్కలభరిణెలోనో, దేవుని గూటిలోనో ఉంచుదురు. వీని తాళపుచెవి తరతరములుగా ఆడువారి కొంగుననే యుండినది. అయినను ఇవి యిల్లు దాటునప్పుడు మాత్రము వెల చెప్పువారు ఆడువారు కారు. కంసాలి తూచి చెప్పును. లేదా పాతసామాను కొనువాడు చెప్పును. లేదా నేటి కాలమున చేతిఫోనులో ముఖమెరుగనివాడెవడో చెప్పును. అట్లు చెప్పువారిని నిలిపి ఒక్క ప్రశ్న అడుగుటకు చాలిన పరిజ్ఞానము మన గృహిణులకు కలుగవలెనను కోరికతో ఈ మాసమున నాణెముల సంతను గూర్చి వ్రాయుచున్నాము.

సంత తీరు

విజయవాడ, హైదరాబాదు వంటి పట్టణములలో అప్పుడప్పుడు నాణెముల ప్రదర్శనములు జరుగుచుండును. ప్రదర్శన మని పేరేగాని ఇందులో సగము సంతయే. ఒక కల్యాణమండపమునో, హోటలు హాలునో రెండుమూడు దినములకు అద్దెకు తీసికొని బల్లలు వేయుదురు. కొన్నిటిపై సేకర్తలు తమ నాణెములను అద్దముల క్రింద నుంచి ఊరక చూపుదురు. తక్కినవానివద్ద వర్తకులు కూర్చుందురు. చెన్నై, కలకత్తా, ఢిల్లీ, హైదరాబాదు దిక్కుల రైలుదారులు కలిసికొను కూడలి గనుక బెజవాడకు పొరుగురాష్ట్రముల వర్తకులు వచ్చి చేరుట సులభము.

మొదటి గంటలలో జరుగు బేరములు ఎక్కువగా వర్తకులలో వర్తకులకు జరుగునవి. ఒకనికి శాతవాహన నాణెములయందు నేర్పు, ఒకనికి నిజాము రూపాయలయందు, మరియొకనికి పాతనోట్లయందు. తనకు కొనువారు లేని నాణెమును కొనువారున్న వానికి కొద్దిలాభమున కిచ్చివేయుట వారి వాడుక. కావున ఉదయము ఒక బల్లపై ఒక వెలకున్న నాణెము మధ్యాహ్నమునకు నాలుగు బల్లల అవతల హెచ్చువెలకు కనబడుట వింత కాదు. కడపటి సాయంకాలమున మూటలు కట్టు వేళకు కొందరు తగ్గించి యిత్తురు. మోసికొనిపోవుటకంటె అమ్ముట మేలని వారి యెన్నిక.

జనులు మూగు బల్లలు వేరు. అచట 786 అంకెగల నోట్లు, పుట్టినదినము అంకెలలో వచ్చునట్టి నోట్లు, దేశదేశముల చిల్లర నాణెములు అమ్ముదురు. ఇవి పిల్లల వేడుకకు కొనదగినవే. కాని వీని వెలకు ఆధారము కొనువాని ముచ్చట యొక్కటియే. నేడు ముచ్చటపడిన వాడు రేపు మరల కొనునను నమ్మకము లేదు. కావున వేడుకకు కొనవచ్చును గాని సొమ్ము దాచుకొనుటకని కొనరాదు.

వెల యెట్లు ఏర్పడును?

వర్తకుడు నాణెమును చేతబట్టి చూచునది నాలుగు సంగతులు: లోహమేది, ఇట్టివి ఎన్ని మిగిలియున్నవి, అచ్చు ఎంత స్పష్టముగా నున్నది, కోరువారెందరు.

లోహమును గృహిణియే లెక్కించుకొనవచ్చును. 1835లో ఈస్టిండియా కంపెనీవారు తమ యేలుబడి నంతటను ఒకేరీతి రూపాయిని ప్రవేశపెట్టిరి. దాని తూకము 180 గ్రెయినులు. అదియే మనవారి తులము, నేటి లెక్కకు 11.66 గ్రాములు. అందు పండ్రెండు పాళ్లలో పదునొకండు పాళ్లు వెండి. కనుక అరగని రూపాయిలో సుమారు 10.69 గ్రాముల అసలువెండి యుండును. ఈ పాళము 1939 వరకు నిలిచినది. యుద్ధకాలమున, 1940 మొదలు 1945 వరకు, అచ్చైన రూపాయిలలో వెండి సగమే, అనగా 5.83 గ్రాములు. 1947 నాటి పులిబొమ్మ రూపాయిలో వెండి లేనే లేదు; అది నికెలు, అయస్కాంతమునకు అంటుకొనును. నాణెముపై సంవత్సరము చదివి, ఆనాటి పత్రికలో వెండిధర చూచి హెచ్చవేసిన చాలును, అడుగువెల తేలును. వెండి ప్రియమైన దినములలో సామాన్యపు రూపాయల వెల దానితోపాటు పెరుగును. అరుదైన నాణెము వెల మాత్రము వెండి ననుసరించి నడువదు.

రెండవ సంగతియందే చాలమంది పొరబడుదురు. పాతదైన చాలును, విలువగలదని తలతురు. 1808లో చెన్నపురి రాజధానికొరకు ఇంగ్లండులో పది కాసుల, ఇరువది కాసుల రాగినాణెములు అచ్చువేసిరి. వానిని తెచ్చుచున్న అడ్మిరల్ గార్డనర్ అను ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరముననే గుడ్విన్ ఇసుకతిప్పలవద్ద మునిగిపోయినది. నూటడెబ్బదియైదేండ్ల పిమ్మట ఆ ఓడ జాడ తెలిసి, పదిలక్షలకు పైబడిన నాణెములను వెలికి తీసిరి. రెండువందల యేండ్లు దాటినను ఆ నాణెము నేడు సులభముగా దొరకుటకు కారణ మిదియే.

దీనికి ప్రతిగా 1911 నాటి రూపాయిని చూడుడు. అయిదవ జార్జి చక్రవర్తి వస్త్రముపై చెక్కిన యేనుగుబొమ్మ తొండము పొట్టియై, చూచువారికి పందివలె కనబడినది. దేశమున గగ్గోలు పుట్టెను. అచ్చువేసిన 94 లక్షలలో 7 లక్షలు మాత్రమే బయటికి వచ్చినవి, తక్కినవానిని కరిగించిరి. 1912లో యేనుగును దిద్ది మరల అచ్చువేసిరి. ఈ రెండు రూపాయలకును తూకమొకటే, వెండియొకటే, రాజొకడే. సంవత్సరపు కడపటి అంకె యొక్కటియే వెలను మార్చినది. ఆ అంకె చదువకుండ కంసాలి త్రాసులో పోసిన గృహిణికి వెండివెల ముట్టును, మిగిలినది పరులపాలగును.

మూడవది అచ్చుయొక్క స్పష్టత. కొత్తగా టంకశాలనుండి వచ్చినట్లున్న నాణెమునకును, చేతులు మారి అరిగినదానికిని వెలలో పదింతలు తేడా యుండుటయు కలదు. ఇచటనే మనవారి శుభ్రత మనకు నష్టము తెచ్చుచున్నది. పండుగకు ఇత్తడి తోమినట్లు చింతపండుతోను, బూడిదతోను, నిమ్మరసముతోను నాణెమును తోముదురు. తోమిన నాణెము మెరయును గాని, దాని మైపూత పోవును, సన్నని గీతలు పడును. ఆ మెరుపును చూచి వర్తకుడు మొదటిమాటలోనే సగము తగ్గించును. నల్లబడిన రూపాయిని నల్లగానే యుండనిండు.

కాసులపేరు సంగతియు ఇట్టిదే. కొన్ని పేరులలో నిజమైన సవరనులే కూర్చియుండును. సవరను తూకము 7.988 గ్రాములు, ఇరువదిరెండు క్యారట్ల బంగారము. అయితే కొక్కెము అతికిన సవరనుకు సాధారణముగా బంగారపు వెలయే వచ్చును. సేకర్తలు దానిని కోరరు. చక్కని పాతకాసు విడిగా నున్నయెడల దానిని నగలో అతికింపకుండుటయే మంచిది. ఇక చిలకలపూడి నగల పేరెరిగిన మన సీమవారికి బంగారుపూత కాసులను గూర్చి హెచ్చరిక అక్కరలేదు.

కృష్ణాతీరపు నాణెములు

మన సీమ నాణెములకు పుట్టినిల్లు. శాతవాహనులు సీసముతోను, రాగితోను, పోటిను అను మిశ్రలోహముతోను నాణెములు వేయించిరి. రెండు తెరచాపకొయ్యల ఓడబొమ్మగల వారి సీసపునాణెములు తూర్పుతీరమున దొరకినవి. ఘంటసాల వంటి రేవులనుండి ఆనాడు జరిగిన సముద్రవర్తకమునకు అవి గురుతు. వేంగి నేలిన తూర్పుచాళుక్యులలో మొదటి శక్తివర్మ, రాజరాజనరేంద్రుల నాణెములు పలుచని బంగారురేకులు, నడుమ వరాహముద్ర కలవి. అవి బర్మాలోని అరకాను తీరపు చెదుబా దీవిలోను, సయాములోను గూడ దొరకినవి. మనము నిత్యము పలుకు ‘డబ్బు’ అను మాటయు మొదట ఒక రాగినాణెమునకు పేరే. 1794లో కంపెనీవారు ఉత్తరసర్కారులకొరకు బర్మింగుహామునందలి సోహో టంకశాలలో యంత్రముపై రాగినాణెములు చేయించిరి. రూపాయికి 48 అని వానిపైననే ఇంగ్లీషున వ్రాసియుండును. చెన్నపురి రాజధానిలో అప్పటి లెక్క వరహాకు 42 ఫణములు, ఫణమునకు 80 కాసులు. 1818లో ఆ లెక్క పోయి రూపాయి లెక్క నిలిచినది. 1807 ప్రాంతమున అచ్చైన వెండి పావువరహాలపై తెలుగక్షరములును కలవు.

ఇంత చెప్పుట చరిత్రపాఠమునకు గాదు. సీసపుముక్కయని, రాగిబిళ్లయని పారవేయునది ఒక్కొక్కప్పుడు వెండిరూపాయికంటె హెచ్చువెల తెచ్చును. అరిగిన అక్షరము నొకదానిని పోల్చుకొనగలిగిన వర్తకుడు దానినే యేరుకొనును. కొనకయే చూడగోరువారు విజయవాడలో పూర్వము విక్టోరియా జూబిలీ మ్యూజియ మనబడిన బాపు మ్యూజియమును, హైదరాబాదు సైఫాబాదులోని పాత టంకశాలలో 2022లో తెరచిన మ్యూజియమును పిల్లలతో పోయి చూడవచ్చును.

కొనువెల, అమ్మువెల

ఒకే నాణెమునకు సంతలో రెండు వెలలుండును. వర్తకుడు వేయిరూపాయలకు అమ్మజూపు నాణెమును మనము అదే దినమున అమ్మబోయిన ఆరువందలకో, ఏడువందలకో అడుగును అనుకొందము. దీనిని మోసమనరాదు. బల్ల అద్దె, రైలుఖర్చు, బస, ఏండ్లతరబడి అమ్ముడుపోని సరకుపై నిలిచిపోయిన పెట్టుబడి, ఇవియన్నియు ఆ నడిమి అంతరమునుండియే రావలయును. వేలములలో గూడ పాడిన వెలపై కొనువారు రుసుము చెల్లింతురు, అమ్మువారినుండి కమీషను తీసికొందురు. కావున పత్రికలో చదివిన వేలపు వెల మన చేతికి వచ్చు వెల కాదు. పైగా ఆ వెల ఆ యొక్క నాణెముయొక్క స్థితికి వచ్చినది. మన యింటిది అంత చక్కగా నుండవలెనను నియమము లేదు.

అసలు నష్టము ఈ అంతరమునందు లేదు, మూటగా అమ్ముటయందున్నది. పిల్లల జీతమునకో, ఆసుపత్రి ఖర్చునకో చేయి తిరుగని సమయమున గృహిణి పసుపుగుడ్డ ముడి విప్పును. వర్తకుడు మొత్తమును చూచి ‘అన్నియు కలిపి ఇంత’ అనును. ఆ మాట వినుటకు సుఖముగా నుండును. కాని యేబది నాణెములలో నలుబదితొమ్మిది సామాన్యములు, ఒకటి అరుదైనది కావచ్చును. ఆ యొక్కదానికై తక్కినవానిని గూడ ఆతడు మోసికొనిపోవును. కాబట్టి సామాన్యములను, తెలియనివానిని వేరువేరుగా ముడివేయుడు. ఆనాటి అవసరమునకు సామాన్యపు రూపాయలను వెండివెలకు అమ్ముడు. తెలియనివానిని ఇంటనే యుంచుడు. అవి అన్నము తినవు, అద్దె అడుగవు.

బేరమునకు ఒక పద్ధతి కలదు. మన నాణెము తీయకముందే, అట్టిదే యున్న బల్లవద్దకు పోయి దాని అమ్మువెల అడుగవలెను. పిమ్మట మరి మూడు బల్లలవద్ద మన నాణెము చూపి, ‘మీరెంతకు కొందురు?’ అని అడుగవలెను. మన వెల మనము ముందు చెప్పరాదు. నాణెముపేరు, కాలము, టంకశాల గురుతు ఏవియో చెప్పుమనవలెను. తెలిసిన వర్తకుడు సంతోషముతో చెప్పును. పేరు దాచి వెల మాత్రమే చెప్పువానివద్ద ఆగనక్కరలేదు.

జాగ్రత్తపడవలసిన మోసములు

మొదటిది రామపట్టాభిషేకపు నాణెము. శ్రీరామపట్టాభిషేకమో, ఆంజనేయస్వామియో ఒకవైపున, ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 వంటి సంవత్సరము వేరొకవైపున గల రాగిబిళ్లలు అనేకగృహములలో పూజలో నున్నవి. వీనికి లక్షలు వచ్చునని చెప్పుదురు. కంపెనీవారు చెన్నపురిలో స్వామియు దేవేరులును గల బంగారువరహాలు వేయించినమాట నిజమే; ఈ అణా, అర్ధణా బిళ్లలు మాత్రము వారు వేయించినవి కావు, తరువాతివారు కల్పించినవి. భక్తితో పూజించుట మీ యిష్టము. వెలపెట్టి కొనుట మాత్రము కూడదు.

రెండవది బియ్యపుగింజలను తనవైపు లాగుకొను నాణెమనియు, చెంబనియు చెప్పు మోసము. రైసుపుల్లింగు అని దీనికి పేరు. ఆంధ్ర, తెలంగాణములలో పోలీసువారు ఇట్టి ముఠాలను అనేకపర్యాయములు పట్టిరి. బియ్యమును లాగు శక్తి ఏ పాతనాణెమునకును లేదు. ‘పరీక్షింప శాస్త్రజ్ఞుని రప్పింపవలెను, దానికి ఖర్చు ముందు ఇండు’ అనుటయే వారి వల.

మూడవది ఫోనులో వచ్చునది. వైష్ణోదేవి అమ్మవారి బొమ్మగల అయిదు, పది రూపాయల నాణెములకు లక్షలిత్తుమని ప్రకటింతురు. అవి 2012లో అచ్చైన సామాన్యపు చెలామణి నాణెములు. గృహిణి ఫోను చేయగానే నమోదు రుసుము, పన్ను, కమీషను అని కొద్దికొద్దిగా పంపుమందురు. ఇట్టివారు తమ పేరును, ముద్రను వాడుకొనుచున్నారనియు, తామెవ్వరికిని అట్టి అధికార మియ్యలేదనియు రిజర్వుబ్యాంకువారు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించిరి. ఒక్క సూత్రము గుర్తుంచుకొనిన చాలును: కొనువాడు మనకు సొమ్మిచ్చును, మనలను సొమ్మడుగువాడు కొనువాడు కాడు.

చట్టమునకు సంబంధించిన మాటలు

పొలము దున్నునప్పుడో, పునాది త్రవ్వునప్పుడో నాణెముల కుండ దొరకినయెడల, అది పదిరూపాయల విలువకు మించినచో 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము కలెక్టరుకు తెలుపవలెను. నూరేండ్లు నిండిన నాణెములు 1972 నాటి చట్టము ననుసరించి పురావస్తువులు. వానిని విదేశమునకు పంపరాదు, వాని వర్తకమునకు లైసెన్సు కావలెను. అమెరికానుండి వచ్చిన కుమార్తె సామానులో అవ్వగారి విక్టోరియా రూపాయలు గురుతుగా పెట్టి పంపు తల్లులు ఈ నియమము నెరుగవలెను. ఇంకొకటి: పుట్టింటివారు మీకిచ్చిన కాసులు, రూపాయలు మీవి. 1956 నాటి హిందూ వారసత్వచట్టములోని 14వ విభాగము స్త్రీ సొత్తుపై స్త్రీకే పూర్తిహక్కు నిచ్చినది. అమ్ముటయా, ఉంచుటయా నిర్ణయించుటకు మీ మాట ముఖ్యము.

ఇంట చేయవలసిన పని

ఒక మధ్యాహ్నము తీరిక చేసికొనుడు. నాణెములన్నిటిని మెత్తని గుడ్డపై పరచి, అంచులు పట్టి యెత్తి, ఒక్కొక్కదానిపై గల సంవత్సరము, బొమ్మ, లోహము, తూకము నోటుపుస్తకములో వ్రాయుడు. ఎవరి చేతినుండి మీకు వచ్చినదో అదియు వ్రాయుడు. వేరువేరు కాగితపు కవరులలో నుంచుడు. రబ్బరుపట్టీలు చుట్టుట, మెత్తని ప్లాస్టికు సంచులలో నుంచుట మంచిదికాదు. రబ్బరు వెండిని నల్లబరచును. ఆ ప్లాస్టికులు కొన్ని నాణెముపై పచ్చని జిగట పట్టించును. చదువుకొను బాలికను ప్రక్కన కూర్చుండబెట్టుకొనిన మరియు మంచిది. కానీ యననేమి, బేడ యననేమి, పదునారు అణాల రూపాయి 1957 ఏప్రిల్ 1వ తేదీన నూరు పైసల రూపాయి యెట్లయ్యెనో ఆమెకు అప్పుడే తెలియును.

ఆ పుస్తకము చేతనున్న గృహిణి సంతకు పోయినను, వర్తకుడు ఇంటికి వచ్చినను, ‘ఏవో పాతబిళ్లలు’ అని అనదు. ‘1911 రూపాయి ఒకటి, 1940 వి మూడు, శాతవాహన మనబడు సీసపుది ఒకటి’ అని చెప్పగలదు. వెల చెప్పువాడు ఆ మాటకు జంకి ఆలోచించి చెప్పును. అమ్మ నిశ్చయించినవారు అమ్ముడు. నిశ్చయింపనివారు కుమార్తెలకును కోడండ్రకును పంచియిచ్చునప్పుడు నాణెముతోపాటు ఆ పుస్తకమునందలి పుటను గూడ ఇండు.